ఎంగిలి గాలి

రా అమ్మడూ, ఇటు జరిగి పడుకో. కాళ్ళు నా మీద వెయ్యకు, నావి పొద్దుట్నుంచీ పీక్కుపోతున్నాయి. కరెంటు ఎప్పుడొస్తుందో నన్నడక్కు, నాకేం తెలుసు? విసురుతున్నాను కదా. ఒక్కటంటే ఒక్కటే కథ చెప్తాను. నువ్వు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిపోతే కథా ఆగిపోతుంది. ఊఁ అను మరి.

అనగనగా ఒక ఊళ్ళో అని అందరూ మొదలెడతారు గానీ, మన కథలో ఊరు ఉత్త ఊరు కాదు, సూదుల ఊరు. గోదారి కాలవ గట్టున ఉండేది. ఆ ఊరి ఆడవాళ్ళ కొప్పులో పువ్వు ఉన్నా లేకపోయినా, లేసు అల్లే కొంకి సూది మాత్రం దోపి ఉండేది. అన్నం ఉడికేలోపు ఒక పువ్వు అల్లేవాళ్ళు. పిల్లని కాళ్ళమీద పడుకోబెట్టుకుని ఒక ఆకు అల్లేవాళ్ళు. మాటాడుకుంటూ అల్లేవాళ్ళు, పోట్లాడుకుంటూ కూడా అల్లేవాళ్ళు.

ఆ లేసుతో ఏం చేసేవాళ్ళనుకున్నావు? విసనకర్రలు. ఇదిగో ఈ తాటాకుది కాదే, మడిచే విసనకర్ర. మూస్తే గుప్పిట్లో పట్టేంత. విప్పితే నెమలి పురి విప్పినట్టే. అవి పడవలెక్కి ఎక్కడెక్కడి దొరసానుల దగ్గరికో వెళ్ళిపోయేవి. ఆ తర్వాత అవేమయ్యాయో ఈ ఊరికి తెలిసేది కాదు.

అయితే ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పువ్వు అల్లేవాళ్ళు పువ్వే అల్లాలి. ఆకు అల్లేవాళ్ళు ఆకే. తీగ అల్లేవాళ్ళు తీగే. ఈ ముక్కలన్నీ అతికి, పుల్లలకి ఎక్కించి, విసనకర్ర చేసేది మాత్రం ఒక్క మనిషి. ఆ మనిషి పేరు పేరంటాలు.

నవ్వకు. మా చిన్నప్పుడు ఆ పేరుగలవాళ్ళు వీధికొకళ్ళు ఉండేవాళ్ళు.

పేరంటాలు ఏం చేసేదంటే, ముందు నేల మీద ఒక మేకు కొట్టేది. మేకుకి దారం కట్టి, దారం కొసకి సుద్దముక్క కట్టి, సగం చక్రం గీసేది. లోపల ఇంకో చిన్న సగం చక్రం గీసేది. ఆ రెండు గీతల మధ్యా పువ్వులూ ఆకులూ తీగలూ పరిచి చూసుకునేది. పుల్ల మీద పువ్వు పడకూడదు, పడితే మడతల్లో నలిగిపోతుంది. పుల్లకీ పుల్లకీ మధ్య పువ్వు, పుల్ల మీద తీగ. అలా సర్ది, అతికి, వెదురు పుల్లలు పదిహేను గాజుపెంకుతో నున్నగా గీకి, అన్నిటికీ అడుగున ఒకటే చీల బిగించి, అప్పుడు లేసుని పుల్లలకి ఎక్కించేది. వినడానికే నీకు ఆవలింతలొస్తున్నాయి, చేసేదానికి ఎలా ఉంటుంది చెప్పు?

పొద్దున్నే కళ్ళు తెరవకముందే పువ్వులామె వచ్చి అరుగు మీద మూట దించేది. పొయ్యి ముట్టించేలోపు ఆకులామె. ముద్ద నోట్లో పెట్టుకునేలోపు తీగలామె. ముగ్గురిదీ ఒకటే పాట, "పేరంటాలూ, నాది ముందు కానియ్యి!"

పాపం, దానికి ఏం కావాలో తెలుసా? నగలు కాదు, నాణేలు కాదు. నిద్ర. తన ఇంట్లో, తన చాప మీద, ఎవ్వరూ లేపకుండా, ఒళ్ళు తెలీకుండా ఒక్కసారి పడుకోవాలి. అంతే. నిన్నేమో పడుకోవే తల్లీ అని నేను బతిమాలుతున్నాను, దానికేమో పడుకోవడమే వరం. 

ఇంట్లో పేరంటాలూ, వాళ్ళ అత్త గోగులమ్మా, ఇద్దరే. మొగుడు పడవ నడుపుతూ ఎప్పుడూ నీళ్ళమీదే ఉండేవాడు, వాడి సంగతి మనకొద్దు. గోగులమ్మకి చూపు ఆనేది కాదు. ఒకప్పుడు ఊళ్ళో అతుకులన్నీ ఆవిడే అతికేది. చూపు పోయాక కోడలికి నేర్పింది. నేర్పేటప్పుడు ఒక్క మాట మాత్రం చెవి మెలేసి మరీ చెప్పింది.

"ఒసే పేరంటాలూ, విసనకర్ర తయారయ్యాక నువ్వు విసురుకోకూడదు. మొదటి గాలి కొనుక్కున్నవాళ్ళది. మనం ముందు విసురుకుంటే అది ఎంగిలి గాలైపోద్ది. ఎంగిలి గాలి ఇంకోళ్ళకిస్తే చెయ్యి పడిపోద్ది."

దేవుడికి నైవేద్యం పెట్టకుండా మనం బూరె నోట్లో వేసుకోం చూడు, అలాగన్నమాట. నువ్వు వేసుకుంటావనుకో, అది వేరే సంగతి.

గోగులమ్మకి ఆ మాట వాళ్ళ అత్త చెప్పింది. ఆవిడకి ఆవిడ అత్త చెప్పింది. మొదటావిడకి ఎవరు చెప్పారో ఎవరికీ తెలీదు. అందుకని ఆ ఊళ్ళో తరాల తరబడి విసనకర్రలు చేస్తున్నారు గానీ, ఒక్కళ్ళూ ఒక్కసారైనా విసురుకుని చూసిన పాపాన పోలేదు. ఊఁ అంటున్నావా?

అప్పుడు ఆ సీమకి ఒక రాణీగారుండేవారు. ఆవిడది వేడి ఒళ్ళు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాలిస్తే చాలు, ఒళ్ళంతా పొయ్యి మీద పెట్టినట్టు ఉడికిపోయేది. కంటి మీద కునుకుండేది కాదు. కునుకు లేక ఎప్పుడు చూసినా చిరాకే.

తాటాకు విసనకర్రతో విసిరారు. అది టపటపమంటుంటే రాణీగారు ఉలిక్కిపడి లేచారు. వట్టివేళ్ళ విసనకర్ర తడిపి విసిరారు. నీళ్ళు ముక్కు మీద పడి ఏడు తుమ్ములు తుమ్మారు. నెమలీకలతో విసిరారు. ఒక ఈక వెళ్ళి సరిగ్గా చెవిలో దూరింది.

ఆ తర్వాత ఎవరో చెప్పారు. "అమ్మగారూ, కాలవ గట్టున సూదుల ఊరుందండి. అక్కడ లేసు విసనకర్రలు చేస్తారండి. చప్పుడుండదు, తడుండదు, ఈకుండదు." ఇంకేం, పేరంటాలుకి పిలుపొచ్చింది. ఉన్నవాటిలో మంచి విసనకర్ర పట్టుకుని రమ్మన్నారు.

బయల్దేరేటప్పుడు గోగులమ్మ తన పెట్టెలోంచి ఒక పాత చీర తీసింది. "ఎండన పడి వెళ్తన్నావు. ఇది కట్టుకెళ్ళు, మెత్తగా ఉంటది" అంది. ఉతికి ఉతికి ఉల్లిపొరలాగైపోయింది ఆ చీర. ఒకప్పుడు ఏం రంగో కూడా తెలీదు. పేరంటాలు ఆ చీర కట్టుకుని, సూది కొప్పులో దోపుకుని, దారిపొడుగునా ఆవలిస్తూ వెళ్ళింది.

కోటలో విసనకర్ర విప్పగానే అందరూ "అబ్బ!" అన్నారు. పువ్వుల నీడ గోడమీద పడితే గోడకే పువ్వులు పూసినట్టుంది. రాణీగారు మురిసిపోయి అందుకున్నారు. ఒకసారి విసురుకున్నారు. రెండోసారి విసురుకున్నారు. మూడోసారి గట్టిగా, మోచెయ్యి నొప్పెట్టేలా విసురుకున్నారు. నుదుటి మీద వెంట్రుక కూడా కదల్లేదు.

"ఏమిటే ఇది?" అని దివాన్‌గారికిచ్చారు. ఆయన విసిరాడు, ఆయన మీసం కదల్లేదు. దాసీది విసిరింది, దాని ముంగురు కదల్లేదు. ఎలా కదులుతుందే అమ్మడూ? ఒంటినిండా కన్నాలే. గాలి ఇటొచ్చి అటే పోయింది.

"పైన పటారం, లోన లొటారం! ఇది విసనకర్రా, చేపలవలా?" అని రాణీగారు మండిపడ్డారు.

పేరంటాలు బిత్తరపోయి చూసింది.

"ఇన్నేళ్ళుగా చేస్తున్నావే, ఒక్కసారైనా విసురుకుని చూశావా?"

"లేదండి. ఎంగిలవుద్దండి."

రాణీగారికి నవ్వాలో తిట్టాలో తెలీలేదు. చల్లగా ఉంటే నవ్వేవారేమో. ఉక్కపోతకి తిట్టారు. తిట్టి అన్నారూ, "గాలొచ్చే లేసు విసనకర్ర చేసేదాకా నువ్వు ఈ కోట గడప దాటకూడదు. పొద్దున్నపూట అది చెయ్యి. మధ్యాహ్నంపూట నేను పడుకుంటే తాటాకుతో విసురు. నాకు ఎప్పుడు నిద్ర పడుతుందో అప్పుడు నువ్వింటికెళ్ళి నిద్రపో."

"ఆయ్, అలాగేనండి" అంది పేరంటాలు. ఇంకేమంటుంది? పెనం మీంచి పొయ్యిలో పడ్డట్టయింది దాని పని. ఊళ్ళో అయితే అతికితే చాలు. ఇక్కడ పువ్వూ తనే, ఆకూ తనే, తీగా తనే. మధ్యాహ్నమైతే తాటాకు విసరాలి. టప్‌మంటే రాణీగారు "చప్పుడు!" అంటారు. మెల్లగా విసిరితే "గాలి!" అంటారు. ఒక రెక్క నొప్పెడితే ఇంకో రెక్క, ఆ రెక్కా నొప్పెడితే మళ్ళీ ఈ రెక్క. నాకిప్పుడు ఎలా ఉందో అలాగ.

అప్పుడు పేరంటాలు ఆలోచించింది. కన్నాలుంటే కదా గాలి పోయేది, కన్నాలే లేకుండా అల్లేస్తే? అలాగే అల్లింది. కుట్టు మీద కుట్టు వేసి, సూది దూరనంత బిగువుగా అల్లింది. నాలుగు పూటలు పట్టింది. తీరా పుల్లలకి ఎక్కిస్తే అది లేసులా లేదు, గోనెపట్టాలా ఉంది. విప్పితే విచ్చుకుంది గానీ మూస్తే మూసుకోలేదు. రాణీగారు బలవంతాన మూయబోతే పటుక్కుమని మూడు పుల్లలు విరిగాయి. 

"ఇంకోటి చెయ్యి" అన్నారు రాణీగారు.

ఆ తర్వాత పేరంటాలు మళ్ళీ ఆలోచించింది. ఆ ఊరి లేసువాళ్ళు, లేసు బిర్రుగా నిలబడాలంటే పంచదార నీళ్ళలో ముంచి ఆరబెడతారు. బాగా చిక్కగా కలిపితే కన్నాల్లో పొర కడుతుంది కదా అనుకుంది. మామూలు లేసే అల్లి, పాకంలా కాచిన పంచదార నీళ్ళలో ముంచి, ఎండలో ఆరబెట్టింది. కన్నంకన్నానికీ అద్దంలాంటి పొర కట్టింది. ఎంత బాగుందనుకున్నావు! పుల్లలకి ఎక్కించి రాణీగారికిచ్చింది. విసిరితే గాలీ వచ్చింది. "భేష్!" అన్నారు రాణీగారు. భోంచేసి, విసనకర్ర పక్కనే పెట్టుకుని పడుకున్నారు.

ఎవరొచ్చారో చెప్పుకో చూద్దాం. చీమలు! గోడ దిగి, మంచం కోడెక్కి, వరసకట్టి వచ్చాయి. విసనకర్ర సగం నాకేసి, మిగతా సగం ఎక్కడుందా అని రాణీగారి జబ్బ మీదికి ఎక్కాయి. రాణీగారు మంచం మీంచి దూకి, కోటంతా గెంతారు. దివాన్‌గారు అటు తిరిగి నవ్వుకున్నాడు.

ష్, అంత నవ్వకు, వచ్చే నిద్ర కాస్తా పారిపోతుంది.

రాణీగారికి మాత్రం నవ్వు రాలేదు. "రేపొక్కరోజే నీకు గడువు. రేపూ గాలి రాలేదంటే ఇంక నీ ఊరు మర్చిపో. బతికినన్నాళ్ళూ నాకు తాటాకు విసరడమే నీ పని" అన్నారు. చీమలు కుట్టినచోట గోక్కుంటూ మళ్ళీ పడుకున్నారు. పేరంటాలు మళ్ళీ తాటాకు అందుకుంది.

బతికినన్నాళ్ళూ అన్న మాట వినేసరికి దానికి ఏడుపొచ్చింది. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది. ఇంటి దగ్గర తన చాప, చుట్టచుట్టి గోడకి నిలబెట్టిన చాప, కళ్ళ ముందు కనబడింది. అది పరుచుకుని పడుకునే రోజు ఇంక రాదా అనుకుంది. అనుకుంటూ, విసురుతూ, నిలబడే తూగింది. ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అని ఊరికే అన్నారా? చేతిలో తాటాకు జారి మంచం కిందికి పోయింది.

"విసరవే..." అని రాణీగారు కళ్ళు మూసుకునే గొణిగారు.

పేరంటాలు ఉలిక్కిపడింది. మంచం కిందికి దూరే వ్యవధి లేదు. ఏం చెయ్యాలో తోచక, కట్టుకున్న చీర చెంగు రెండు చేతులా పట్టుకుని విసిరింది. పాత చెంగు కదా, చప్పుడు చెయ్యలేదు. తడి లేదు, ఈక లేదు. రెండు విసుర్లకి రాణీగారు కదలడం మానేశారు. నాలుగు విసుర్లకి నోరు తెరిచారు. ఆరో విసురుకి గురక మొదలైంది.

కానీ చెంగుతో ఎంతసేపని విసురుతారు? రెండు చేతులూ ఎత్తే ఉంచాలి. రెక్కలు లాగేసి కాసేపటికి ఆగింది. ఆగడమే తడవు రాణీగారు లేచి కూర్చున్నారు. "ఇప్పుడు విసిరిందేమిటే? అలాంటి గాలి నాకు మా అమ్మ పోయాక మళ్ళీ తగల్లేదు" అన్నారు.

పేరంటాలు చెంగు కేసి చూసుకుంది. దానికి అప్పుడు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే అత్త చీర చెంగు రెండు మూరలు కోసింది. కోసేటప్పుడు చెయ్యాడలేదు పాపం, అత్త పెట్టె అడుగున దాచుకున్న చీర అది. చీమలు నాకిన లేసుని పుల్లలనించి ఊడదీసి, తీపి పోయేదాకా మూడు నీళ్ళు కడిగింది. మేకు కొట్టి, సుద్దతో సగం చక్రం గీసి, ఆ గీత మీద లేసు పరిచింది. అదే కొలతకి గుడ్డ కత్తిరించింది. ముందు లేసు, వెనక చెంగు, మధ్యలో పుల్లలు. పుల్ల పొడుగునా తుమ్మజిగురు రాసి, సన్నదారంతో కుట్టేసింది. అప్పుడు మడతమడతగా మూసి, దారం చుట్టి, రుబ్బురోలు పొత్రం బరువు పెట్టింది. భోజనాలవేళకి తీసి విప్పితే, ముందు పువ్వులు ఎక్కడివక్కడే ఉన్నాయి. మూస్తే మూసుకుంది.

అన్నీ బాగున్నాయి. కానీ గాలొస్తుందా? ఎవర్నడగాలి? రాణీగారికిచ్చి అడిగితే, రాకపోతే బతికినన్నాళ్ళూ తాటాకే. తను విసురుకుని చూస్తే ఎంగిలి. చెయ్యి పడిపోతుంది.

పేరంటాలు తన కుడిచేతి కేసి చూసుకుంది. వేళ్ళన్నీ కాయలు కాచి ఉన్నాయి. "పడిపోతే పడిపోనీ. పడిపోతే విసిరే పనైనా తప్పుద్ది" అనుకుంది.

అనుకుని విసురుకుంది. ఒకటి. మెడ మీద చెమట చల్లబడింది. రెండు. చెవుల వెనక చల్లబడింది. మూడోసారికి గాలి రెప్పల మీదికొచ్చింది. అయ్యో, గాలంటే ఇలాగుంటదా అనుకుంది. ఇన్ని విసనకర్రలు చేశానే, ఒక్కసారి నా మొహాన విసురుకోలేదే అని దానికి ఎంత దుఃఖమొచ్చిందో. ఆ దుఃఖంలోనే కళ్ళు మూతలు పడ్డాయి. 

అప్పుడే రాణీగారొచ్చారు. వస్తూనే, "గాలొస్తుందా?" అన్నారు.

పేరంటాలు గబుక్కున లేచింది. "వస్తదండి."

"నీకెలా తెలుసు?"

అది అబద్ధమాడలేకపోయింది. "ఎంగిలి చేశానండి" అంది.

దివాన్‌గారు నోరు నొక్కుకున్నాడు. దాసీది బుగ్గలు నొక్కుకుంది. రాణీగారికే ఎంగిలి గాలా? పేరంటాలు తలొంచుకుని నిలబడింది. రాణీగారు విసనకర్ర అందుకుని, విప్పి, విసురుకున్నారు. నుదుటి మీద వెంట్రుకలు లేచాయి. మళ్ళీ విసురుకున్నారు. 

"మా అమ్మ నాకు పాలు పట్టేముందు తను ఒక గుక్క చప్పరించి చూసేది, నోరు కాలుతుందేమోనని. దాన్నెవరూ ఎంగిలి అనలేదే" అన్నారు రాణీగారు. "ఎంగిలి చెయ్యకుండా ఇచ్చావు చూడు మూడు, వాటితోనే నా ప్రాణం తీశావు."

అని వెళ్ళి పడుకున్నారు. అయితే విసరాల్సింది ఎవరు? పేరంటాలే! రాణీగారు పొద్దు వాలేదాకా నిద్రపోయారు, పేరంటాలు పొద్దు వాలేదాకా విసిరింది. ఆ పక్క గురక, ఈ పక్క ఆవలింత. 

రాణీగారు లేచి ఒళ్ళు విరుచుకుని, "ఏం కావాలో కోరుకోవే" అన్నారు. 

"ఇంటికెళ్ళి పడుకోవాలండి."

"ఇంకేం వద్దా?"

"ముందు తెచ్చిన ఆ గాలి రాని విసనకర్ర ఉంది కదండి. అదిచ్చెయ్యండి."

రాణీగారు అప్పుడు చూశారు, దాని భుజాన చెంగు లేదు. "నీ చెంగేదే?" 

"మీ విసనకర్రలో ఉందండి" అంది పేరంటాలు.

రాణీగారు ఆ పాత విసనకర్ర చేతికిచ్చి, కొత్త చీర పెట్టి, మర్నాడు పొద్దున్నే తన పడవలోనే పంపించారు. 

పడవలో చల్లగా ఉంది. హాయిగా పడుకోవచ్చు కదా అంటావు. పడుకుందామనే అనుకుంది. కానీ అత్త గుర్తొచ్చింది. చెంగు ముక్క ఇంకా కాస్త మిగిలి ఉంది. కొప్పులోంచి కొంకి సూది తీసి పక్కన పెట్టి, కుట్టుసూదీ దారమూ తీసుకుని, కళ్ళు నులుముకుంటూ, గాలి రాని విసనకర్రకి వెనకాల ఆ గుడ్డ కుట్టింది. ఊరొచ్చేసరికి పూర్తయింది. 

ఇంటి దగ్గర అరుగు మీద మూటలు నడుమెత్తున పేరుకుని ఉన్నాయి. అది పడవ దిగడం చూసి పువ్వులామె కేకేసింది. "వచ్చావా పేరంటాలూ! నాది ముందు కానియ్యి!" ఆ వెనక ఆకులామె. ఆ వెనక తీగలామె. పేరంటాలు వాళ్ళకి చేతులెత్తి దండం పెట్టి లోపలికెళ్ళింది.

గోగులమ్మ కోడలి చీర తడిమి చూసింది. "ఇది కొత్తది. నా చీరేదే?"

"చెంగు కోసేశాను అత్తా" అని పేరంటాలు విసనకర్ర ఆవిడ చేతిలో పెట్టింది. గోగులమ్మ ముందు వైపు తడిమింది, పువ్వులు తగిలాయి. వెనక వైపు తడిమింది. 

"ఇది నా చీరేనే!"

"ఊఁ. కూచో అత్తా, నేను విసురుతాను. మొదటి గాలి నీదే" అని విసిరింది.

గోగులమ్మ తెల్లజుట్టు కదిలింది. ఆవిడ కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. మొహం తుడుచుకుని అంది, "ఊహ తెలిసినకాణ్ణించీ చేశానే ఇయ్యి. గాలి ఇలాగుంటదని ఎవరూ చెప్పలేదే నాకు. నేనూ విసురుకోలేదు, నిన్నూ విసురుకోనివ్వలేదు. నా నోరు పడిపోను."

అని, ఏదో అనుమానమొచ్చి, "నువ్వు విసురుకున్నావేంటే?" అంది.

"విసురుకున్నాను అత్తా. రాణీగారిది. ముందు నేనే విసురుకుని, అప్పుడు ఇచ్చాను."

గోగులమ్మ గబగబా కోడలి కుడిచెయ్యి పట్టుకుంది. చిటికెనవేలు నొక్కి చూసింది. ఉంగరంవేలు నొక్కి చూసింది. ఒక్కోటీ, ఒక్కోటీ, ఐదు వేళ్ళూ చూసింది. అన్నీ కదులుతున్నాయి.

"పడిపోలేదే" అంది ముసలావిడ. "ఎవరు చెప్పారో ఏమో, వాళ్ళ మొహం మండా." 

అప్పుడు లేచి, తడుముకుంటూ వెళ్ళి, గోడకి నిలబెట్టిన చాప తెచ్చి పరిచింది. "పడుకో" అంది. 

"అత్తా, అరుగు మీద మూటలు..."

"నేనున్నాను, నువ్వు పడుకో."

పేరంటాలు తన చాప మీద పడుకుంది. గోగులమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. విసనకర్ర విప్పి ముందు తన మొహాన రెండుసార్లు విసురుకుంది, గాలొస్తోందో లేదో అని. ఆ తర్వాత కోడలి కేసి విసిరింది.

"ఎంగిలి గాలేనే అమ్మా. పడుకో."

పువ్వులామె గుమ్మంలోకొచ్చింది. "ష్! ఇవాళ అతుకు లేదు" అంది గోగులమ్మ. ఆకులామె వచ్చింది. "రేపూ లేదు." తీగలామె వచ్చింది. "ఎల్లుండి సంగతి ఎల్లుండి చూద్దాం, అరవకు, పిల్ల పడుకుంది."

పేరంటాలు ఒక పగలూ, ఒక రాత్రీ, మళ్ళీ ఒక పగలూ పడుకుంది. ఆ ముగ్గురూ అరుగు మీద కూర్చుని కూర్చుని, విసుగొచ్చి, గోగులమ్మ నోటితో చెప్తుంటే వాళ్ళ ముక్కలు వాళ్ళే అతుక్కున్నారు. మొదట్లో వంకరగా వచ్చాయి. వస్తే రానీ, నేర్చుకున్నారు. అప్పట్నించీ ఆ ఊళ్ళో విసనకర్ర పూర్తయితే చేసిన మనిషే ముందు మూడు విసుర్లు విసురుకోవాలి. పడవెక్కించేటప్పుడు గోగులమ్మ అడిగేది, "ఎంగిలైందా?" అయిందంటేనే పడవెక్కేది.

అయిపోయింది. ఏమే, ఇంకా పడుకోలేదూ? ఆ విసనకర్ర ఎందుకు లాగుతున్నావు నా చేతిలోంచి? నువ్వు విసురుతావా, నాకు? చాల్లే సంబడం, నీ చెయ్యెంత, విసనకర్రెంత? 

సరే. రెండంటే రెండు విసుర్లు. ముందు నువ్వు విసురుకో మరి. ఆఁ, అలాగ. ఇప్పుడు నాకు. 

అమ్మయ్య.

పుల్లపుల్లకీ పువ్వొకటి,
పువ్వు వెనకాల చెంగొకటి,
చెంగున దాగిన గాలొకటి,
గాలికి అలిసిన కన్నొకటి.
కథ పోయె కంచికి పడవ మీద,
మనమున్నామింటిలో చాప మీద.